మాటలొచ్చిన రొట్టె

నా గొంతు బొంగురు. పుట్టుకతో వచ్చింది కాదు. గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళమ్మట చేపలమ్ముతూ అరిచి అరిచి అట్లా అయింది. మైపాడు పక్కన మా పల్లెలో నేను వీధి ఈ కొసన పిలిస్తే ఆ కొసన పడుకున్న కుక్క లేచి నిలబడేది. అంతటి గొంతుతో పక్కనే కూర్చుని పిలిచినా మా పాప మాత్రం తల తిప్పేది కాదు.

నయాపైసలు కొత్తగా వచ్చిన రోజులవి. పాపకు నాలుగేళ్ళు దాటాయి. దాని ఈడు పిల్లలు ఇసకలో కూర్చుని ఒకరిమీద ఒకరు చాడీలు చెప్పుకునేవాళ్ళు. మా పాప నోట ఒక్క మాట లేదు. దానికి ఇప్పుడు ఆటిజం అని పేరుందట, నేను చెప్తుంటే రాసిపెడుతున్న మనవరాలు అంటోంది. అప్పట్లో మాకు ఆ పేరు తెలియదు. తెలియనప్పుడు జనం ఊరుకోరు కదా, తలా ఒక పేరు పెట్టారు. చెవుడన్నారు. గాలి సోకిందన్నారు. గ్రహణం నాడు నేను కడుపుతో బయట తిరిగానన్నారు.

చెవుడు కాదని నాకు మొదట్లోనే తెలుసు. మా ఆయన వల దులిపినప్పుడు అంచుకు కట్టిన సీసం గుండ్లు ఒకదానికొకటి తగిలి గలగలమనేవి. ఇంటి వెనక ఎక్కడో ఉన్న పాప ఆ చప్పుడుకు పరుగెత్తుకొచ్చేది. వచ్చి తండ్రి మొహం చూసేది కాదు. ఒక్కో గుండునూ పెదవికి ఆనించుకుని, చల్లదనం పోయాక వదిలేసి, ఇంకోటి పట్టుకునేది.

ఒడ్డున ఎండ్రకాయల బొరియలుంటాయి. పాప తడి ఇసకలో బోర్లా పడుకుని ఒక్కో బొరియకు చెవి పెట్టేది. ఏం వినబడుతుందో చూద్దామని ఒకనాడు నేనూ దాని పక్కన పడుకుని చెవి పెట్టాను. మొదట సముద్రం హోరు తప్ప ఏమీ లేదు. కాసేపటికి లోపల్నుంచి సన్నగా, గోరుతో చాటను గీకినట్టు ఒక చప్పుడు వచ్చింది. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగి, నేను అంతకుముందు ఆ చప్పుడు వినలేదు. మేమిద్దరం అట్లా పడుకుని ఉండగా మా అత్త వచ్చింది.

"అబ్బయా, ఇట్రా," అని కొడుకును కేకేసింది. "బిడ్డకు పట్టింది చాలదని తల్లికి గూడా పట్టిందిరా. ఇద్దురూ ఎండ్రకాయలతో మాట్లాడతాండారు."

"ఏమంటాండాయంట?" అన్నాడు మా ఆయన, వల మీద నుంచి తల ఎత్తకుండా.

మా ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. పాపకు ఆయన పోలికే వచ్చిందని ఊరుకునే వాళ్ళం, నాలుగేళ్ళు నిండేదాకా.

ఇంక వైద్యాలు మొదలయ్యాయి. వైద్యానికంతా పెద్ద మా అత్తే. మొదట వస. పసిపిల్లలకు మాటలు రావాలని వసకొమ్ము సాన మీద అరగదీసి, తేనెలో కలిపి నాలుకకు రాస్తారు. పాపకు పుట్టినప్పుడే రాశాం. అది చాల్లేదేమోనని అత్త ఈసారి రెట్టింపు రాసింది. పాప దాన్ని ఉమ్మేసి, సానరాయిని తీసుకుని చెంపకు ఆనించుకుని కూర్చుంది. ఆ వస ఎట్లా ఉంటుందో చూద్దామని మిగిలింది నేను నాకాను. నాలుక మొద్దుబారిపోయి, మధ్యాహ్నం బేరంలో చేప పేరు ఒక్కటీ తిన్నగా పలకలేకపోయాను.

"మాటలొచ్చే మందని పెడితే ఉండే మాటలు పోయినాయేందత్తా?" అని అడిగాను.

"నీకు పోతే ఊరికి మేలే," అంది అత్త.

తర్వాత చిలక కొరికిన జామకాయ. చిలక ఎంగిలి తింటే పిల్లలు చిలకలా మాట్లాడతారని మాలో నమ్మకం. మా ఇసక నేలలో జామ చెట్లు లేవు. నేను లోపలి ఊళ్ళకు చేపలమ్మబోయినప్పుడు తోటవాళ్ళని బతిమాలి తెచ్చేదాన్ని. ఆ గాటు చూస్తే నాకు ఎప్పుడూ ఒకటే అనుమానం.

"ఇది చిలక కొరికిందో ఉడత కొరికిందో ఎట్టా తెలస్తాదత్తా?"

"ఉడత కొరికింది తింటే బిడ్డ చెట్టెక్కతాది. అప్పుడు తెలస్తాది."

పాప చెట్టెక్కలేదు, మాట్లాడలేదు. జామకాయలోని గింజలు మాత్రం ఏరి ఏరి తిని, కండ వదిలేసింది.

గంగమ్మ గుడి గంట తలకిందులు చేసి అందులో నీళ్ళు పోసి తాగించాం. గంటలోని నాదం గొంతులోకి దిగుతుందంటారు. పాప నీళ్ళు తాగింది గానీ గంటను వదల్లేదు. నోరు లోపలికి పెట్టి 'మ్మ్మ్' అని ఒక రాగం తీసింది. గంట పలికింది. అది మళ్ళీ తీసింది. గంట మళ్ళీ పలికింది. పూజారి నవ్వి, "దీనికి గంటతో పొత్తు కుదిరింది," అన్నాడు. నాకా రోజు ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను. ఇంటికొచ్చాక ఆ రాగం కూడా లేదు.

మా ఎదురింట్లో క్రైస్తవుల కుటుంబం ఉండేది. ఆ ఇంటి ఆమె నాకంటే చిన్నది, నన్ను అక్కా అని పిలిచేది. రోజూ సాయంత్రం వచ్చి పాప నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. చెయ్యి పెడితే పాపకు గిట్టదు, తల పక్కకు లాక్కునేది. అప్పుడామె చెయ్యి ఎత్తి, తల పైన గాలిలోనే పట్టుకుని చేసేది. అది నాకు నచ్చింది. చివర్లో 'ఆమేన్' అనేది, అనగానే లేచి పోయేది. ఆమే ఒకనాడు, "అక్కా, ఎందుకైనా మంచిది, నెల్లూరు ఆస్పత్రిలో చూపించండి," అంది.

చూపించాం. డాక్టరమ్మ చెవుల్లో లైటు వేసి చూసింది, నాలుక ఎత్తి చూసింది, పాప వెనకాల పళ్ళెం కింద పడేసింది. పాప ఉలిక్కిపడింది.

"చెవులు బాగున్నాయి. నాలుక బాగుంది," అంది.

"మరి బాగాలేంది ఏందమ్మా?" అని అడిగాను.

"అది చూడ్డానికి మా దగ్గర పరికరం లేదమ్మా. బిడ్డతో మాట్లాడుతూనే ఉండండి."

తెలియదని అంత తిన్నగా చెప్పిన మనిషి అప్పటిదాకా నాకు ఎదురుపడలేదు. మా అత్తకు మాత్రం మందు సీసా ఇవ్వని ఆస్పత్రి మీద మనసు విరిగిపోయింది. బస్సు దిగేలోపలే ఆమె ఒక నిర్ణయానికి వచ్చేసింది.

"ఇంక వాతే," అంది.

బుచ్చిరెడ్డిపాలెం అవతల, వరి పొలాల మధ్య ఒక పల్లెలో వాతలు పెట్టే ముసలాయన ఉండేవాడు. పసుపు కొమ్మును నిప్పులో కాల్చి, ఎక్కడ పెట్టాలో అక్కడ అంటిస్తాడు. చేసేది ఆ పని గానీ మనిషి మెత్తన. మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. పాప నేరుగా ఆయన దగ్గరికి పోయి వేళ్ళు వాసన చూసింది. ఏళ్ళ తరబడి కాలిన పసుపు వాసన.

"నన్ను చూసి ఏడవని బిడ్డ ఇదొకతే," అని ఆయన నవ్వాడు.

"యాడ పెడతావు పెద్దయ్యా?" అని అడిగాను.

"నడినెత్తిన ఒకటి. కణతల మీద రెండు. నాలుక కింద చుక్కంత."

"పెట్టించుకున్న వాళ్ళకి మాటలొచ్చినాయా?"

"అందురూ అరిచినారు."

"అరుపు మాటవతాదా?"

"ముందు గొంతు తెరుచుకోవాల గదమ్మా. అరుపొచ్చిన దోవనే మాట గూడా వస్తాది." అని, మా అత్త వైపు తిరిగి, "తల్లే పట్టుకోవాల. వేరేవాళ్ళు పట్టుకుంటే బిడ్డ బెదురుతాది," అన్నాడు.

ఆయన చెప్పిన తీరు విన్నప్పుడు నాకూ సబబుగానే అనిపించింది. కాదనడానికి నా దగ్గర ఏముంది? డాక్టరమ్మ తెలియదంది, ఈయన తెలుసంటున్నాడు. ఆషాఢం దాటాక తీసుకొస్తామని అత్త మాటిచ్చేసింది.

మా ఆయన బొడ్డు చుట్టూ నాలుగు మచ్చలుండేవి. చిన్నప్పుడు మూర్ఛలొస్తే పెట్టించిన వాతలు. పెళ్ళయిన కొత్తలోనే చూశాను గానీ వాటి గురించి ఎప్పుడూ అడగలేదు. మర్నాడు ఆయన ఒడ్డున తెప్ప నీడలో వల బాగుచేస్తుంటే పోయి పక్కన కూర్చున్నాను.

"అవి పెట్టినప్పుడు నొప్పి పుట్టిందా?"

"గుర్తు లేదు."

"మూర్ఛలు వాతలకేనా పోయింది?"

"పోయినాయి. దేనికి పోయినాయో నాకేం తెలుసు."

"ఇంకేం గుర్తుండాది?"

ఆయన తెగిన వల మీదికి వంగాడు. ఒక కన్ను కుట్టడం అయింది, ఇంకో కన్ను అయింది.

"అమ్మ చేతులు," అన్నాడు. "ఇక్కడ పట్టుకునింది." రెండు భుజాలు తాకి చూపించాడు. "ఈ మచ్చలు ఎట్టా వచ్చినాయో పెద్దయినాక ఎవురో చెప్తే తెలిసింది. పట్టుకునింది మాత్రం ఎవురూ చెప్పే పన్లేదు."

"అయితే మన బిడ్డకి వొద్దంటావా?"

"అమ్మకు నేను వొద్దని చెప్పలేను మే. నేను బతికింది ఆమె పెట్టించబట్టేనని ఆమె నమ్మకం. కాదంటే ఆమెకి ఇంకేముండాది?"

ఆయన అక్కడ ఆగిపోయాడు. నేను మాత్రం ఆగలేకపోయాను. పాప వచ్చి సీసం గుండ్లు పెదవికి పెట్టుకోవడం మొదలుపెట్టింది. దాని భుజాలు చూస్తూ కూర్చున్నాను.

అప్పుడే పీర్ల పండగ దగ్గరపడింది. నెల్లూరులో దర్గా పక్కన చెరువు ఉంది. పండగ నాడు ఆడవాళ్ళు ఆ చెరువు నీళ్ళలో దిగి రొట్టెలు మార్చుకుంటారు. కోరిక తీరినవాళ్ళు రొట్టె చేసి తెస్తారు. అదే కోరిక ఉన్నవాళ్ళు దాన్ని అడిగి తీసుకుని, నీళ్ళలోనే తింటారు. తమ కోరిక తీరితే మళ్ళీ పండగకు తామూ ఒక రొట్టె చేసి, అడిగినవాళ్ళకు ఇవ్వాలి. మావాళ్ళు, సాయిబులవాళ్ళు, కిరస్తానీవాళ్ళు అని అక్కడ తేడా లేదు. మా అత్త పిల్లలు లేక ఆ చెరువులోనే రొట్టె తిన్నదట. మా ఆయన పుట్టాక తిరిగి ఇచ్చి వచ్చిందట. అది తెలిసే నేను ఆ మాట ఎత్తాను.

"అత్తా, రొట్టె అడిగి చూస్తాను. దానికి గడువు ఇయ్యి."

అత్త నన్ను కిందికీ పైకీ చూసింది. ఆ రొట్టెను ఆమె కాదనలేదు. కాదంటే కొడుకును కాదన్నట్టే.

"వచ్చే ఏడు పండగ దాకా," అంది. "వచ్చే పండక్కి నువ్వు రొట్టె చేసుకోనొచ్చి నీళ్ళలో నిలబడి ఇయ్యాల. ఇయ్యలేకపోయినావా, మారుమాట్లాడకుండా బిడ్డని పట్టుకోవాల."

"సరే," అన్నాను.

ఎండలకు చెరువు బాగా వెనక్కి పోయి ఉంది ఆ ఏడు. బురద దాటి మోకాలి లోతుకు పోయేసరికి చీరంతా తడిసింది. పాపను చంకన వేసుకుని, గొంతెత్తి అడిగాను. "మాటలొచ్చిన రొట్టె ఎవురి దగ్గరన్నా ఉండాదా?" చేపలమ్మే రాగమే వచ్చింది. పక్కనున్న ఆడవాళ్ళు నవ్వారు. ఆ అరుపు విని అవతలి నుంచి ఒక సాయిబుల ఇంటి ఆమె నీళ్ళు తోసుకుంటూ వచ్చింది. తెల్లటి గుడ్డ విప్పి రొట్టె నా చేతిలో పెట్టింది.

"తీసుకో తల్లీ. నా బిడ్డకు మాటలొచ్చినయ్. నీ బిడ్డకూ ఒస్తయ్," అంది. 'ఒస్తయ్' అనే మాటను సాగదీసి, జోలపాట పాడినట్టు అంది.

"మీ బిడ్డ ముందు ఏం మాటన్నాదమ్మా?"

"'పో' అనింది. నన్నే. అమ్మా అంటాదని నేను కాసుకోనుంటే పో అనింది. దానికే వీధంతా చక్కెర పంచినా."

నేను సగం తిని సగం పాపకు ఇచ్చాను. పాప దాన్ని వాసన చూసి, నీళ్ళలో వదిలేసింది. చిన్న చిన్న చేపలు మూగి దాన్ని పొడుస్తుంటే వంగి చూస్తూ ఉండిపోయింది.

ఇంటికి వచ్చాక అత్త అదే పట్టుకుంది. బిడ్డ తినలేదు, చేపలు తిన్నాయి, మొక్కు చెల్లదు అంది.

"ఫర్వాలేదులేమా," అన్నాడు మా ఆయన. "రేపట్నుంచి వలలో చేపలు మాట్లాడతాయి. మొక్కు చెల్లిందో లేదో వాటినే అడుగుదాం."

ఆ ఏడాదంతా నేను పాప నోరు చూస్తూ బతికాను. అది అన్నం తింటుంటే చూశాను, నిద్రపోతుంటే చూశాను. డాక్టరమ్మ చెప్పినట్టు మాట్లాడుతూనే ఉన్నాను. చేపలకు పోయేటప్పుడు కూడా చంకన వేసుకుని పోయేదాన్ని. నెత్తిన గంప, చంకన పాప, నోట అరుపు.

వానల్లో నాకు జ్వరం పట్టింది. లేవలేక చాప మీద పడి ఉన్నాను. పాప గడపలో నిలబడి ఉంది. ఉన్నట్టుండి చేపలమ్మే నా గొంతు వినబడింది. "కవళ్ళమ్మో... కవళ్ళూ... కానాగంతలూ..." జ్వరం నెత్తికెక్కి నేనే అరుస్తున్నానేమో అనుకున్నాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. అరుపు ఆగలేదు. అదే బొంగురు, అదే సాగదీత, 'కానాగంతలూ' దగ్గర నేను ఊపిరి అందక ఆగే ఆగుడు కూడా.

ఎదురింటామె గిన్నె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "జ్వరంతో ఎందుకు లేసినావక్కా?" అని. గడపలో పాపను చూసి గిన్నెతో సహా కూలబడిపోయింది.

ఆ రోజు నుంచి మాటలకు కొదవ లేదు. అయితే ఒక్కటీ దాని సొంతం కాదు. విన్నది విన్నట్టు, అన్నవాళ్ళ గొంతుతోనే వచ్చేది. పల్లె పెద్ద ఏదో పని మీద మా ఇంటికొచ్చి కూర్చుంటే, పాప అచ్చంగా మా అత్త గొంతుతో, "తిన్నది అరక్క వచ్చినాడు, నోటికి పని పెట్టేదానికి," అంది. అది అంతకుముందు ఆయన వచ్చి పోయాక అత్త అన్న మాట. పెద్దాయన చుట్టూ చూశాడు. మా అత్త వాకిట్లోకి రాలేదు ఆ పూటంతా.

"ఇవి మాటలు గావు," అంది తర్వాత. "బావిలో అరిస్తే తిరిగొచ్చే చప్పుడు ఇది. ఏదన్నా అడుగు, చెప్తాదేమో చూద్దాం."

"అన్నం కావాలా?" అని అడిగాను.

"అన్నం కావాలా?" అంది పాప, నా గొంతుతో.

"చూసినావా?" అంది అత్త.

నేను చూశాను. చూస్తూనే ఉన్నాను. ఒకనాడు పాప తనంతట తాను పళ్ళెం తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "అన్నం కావాలా?" అంది. అది నన్ను అడగడం కాదు. అన్నం కావాలని చెప్పడం. ఆ మాట అన్నప్పుడల్లా అన్నం వస్తుంది కాబట్టి, అన్నం కావలసినప్పుడు ఆ మాట తీసి వాడుకుంటోంది. అది తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. మిగిలిన మాటలు కూడా అట్లాంటివేనేమో అని ఒక్కోదాన్నీ వెంబడించి చూశాను.

మా ఆయన సముద్రానికి పోయేటప్పుడు గడపలో ఎవరన్నా అడ్డముంటే, "దోవ ఇయ్యండమ్మే, పొద్దెక్కతాంది," అనేవాడు. ఎదురు వస్తే కీడని మేమంతా పక్కకు తప్పుకునే వాళ్ళం. పాప మధ్యాహ్నం పూట గడప దగ్గర నిలబడి, తండ్రి గొంతుతో ఆ మాట అంటే, అది ఒడ్డుకు పోవాలంటోందని అర్థం. తల దువ్వడం దానికి పరమ చిరాకు. మా అత్త చిక్కు తీస్తుంటే ఎదురింటామె గొంతుతో 'ఆమేన్' అనేది. ప్రార్థన చివర్లో ఆ మాట అనగానే ఆమె లేచి పోతుంది కదా. దువ్వింది చాలు, వదిలెయ్ అని చెప్పడం అది. ఈ సంగతి నేను అత్తకు విప్పి చెప్తే, "గంగమ్మను కొలిచే ఇంట్లో ఆమేనేంది," అని ఇంకా గట్టిగా దువ్వింది.

ఇట్లా నేను ఒక్కోటి కనిపెట్టడం, తెచ్చి అత్త ముందు పెట్టడం, ఆమె బావిలో చప్పుడని తోసెయ్యడం. అట్లా పండగ మళ్ళీ వచ్చింది.

ముందురోజు పొద్దున్నే అత్త అడిగింది. "రొట్టె చేస్తావా, బుచ్చిరెడ్డిపాలేనికి బట్టలు సర్దతావా?"

రొట్టె చేస్తే పాపకు వాత తప్పుతుంది. కానీ కోరిక తీరిందని నీళ్ళలో నిలబడి చెప్పాలి. ఎవరో ఒక తల్లి అది నమ్మి తింటుంది. ఏడాదంతా తన బిడ్డ నోరు చూస్తూ కూర్చుంటుంది. నాకు తెలుసు అది ఎట్లా ఉంటుందో. నా చేతిలోది దొంగ రొట్టె అయితే ఆ ఉసురు ఎవరికి?

మా ఆయన్ని అడిగాను. "వచ్చినట్టా, రానట్టా?"

"నాకైతే రోజూ దోవ ఇయ్యమంటాంది," అన్నాడు. "నేను ఇస్తాండా. నువ్వు నమ్మితే చెయ్యి మే. నమ్మకపోతే చెయ్యొద్దు. తినేది ఇంకో తల్లి."

నమ్మానో లేదో తెలియకుండానే పిండి కలిపాను. రొట్టె గుడ్డలో చుట్టాను. అత్త కూడా బస్సెక్కింది. నేను అబద్ధం చెప్పకుండా చూడ్డానికి వస్తున్నానని తిన్నగానే చెప్పింది.

ఈసారి నీళ్ళు బాగానే ఉన్నాయి. పాప దిగి నడిచింది. నేను అరవలేదు. రొట్టె పట్టుకుని ఊరికే నిలబడి ఉన్నాను. కాసేపటికి, చంకన పిల్లవాడితో ఒకామె రొట్టె అడుగుతూ వచ్చింది. మనుబోలు అవతల నుంచి వచ్చిందట. పిల్లవాడి మెడలో ఎన్ని తాయెత్తులో. కళ్ళు నీళ్ళ మీదే ఉన్నాయి, తల్లి మీద లేవు.

"మాటలొచ్చిన రొట్టె ఉండాదా అక్కా?"

"ఉండాది తల్లీ. కాకపోతే తీసుకునే ముందు విను," అన్నాను. అంతా చెప్పాను. వచ్చిన మాటలు దానివి కావని, అడిగితే బదులు రాదని, అయినా ఏ మాట ఎప్పుడు అంటుందో నాకు తెలుస్తుందని. వెనకాల అత్త వింటోంది.

ఆమె రొట్టె వైపు చూసింది, పాప వైపు చూసింది. "మరి వచ్చినట్టా, రానట్టా?"

"తెలియకనే చేత్తో పట్టుకోని నిలబడుండా."

ఆమె చెయ్యి చాపలేదు. వెనక్కి పోనూ లేదు. పాప నీళ్ళలోకి వంగి, చేపల కోసమనుకుంటాను, చూస్తోంది. తల ఎత్తకుండానే అంది.

"తీసుకో తల్లీ. నా బిడ్డకు మాటలొచ్చినయ్. నీ బిడ్డకూ ఒస్తయ్."

కిందటేడు రొట్టె ఇచ్చిన ఆమె గొంతు. ఆ సాగదీత, ఆ జోలపాట రాగం. ఏడాదిలో పాప నోట ఆ మాట నేను ఒక్కసారి కూడా వినలేదు. ఇంట్లో వాడుకునే పని దానికి రాలేదు. ఈ నీళ్ళూ, ఈ గుడ్డా, చాపాలా వద్దా అని ఆగిన ఒక చెయ్యీ కనబడేదాకా ఎక్కడ దాచుకుందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మనుబోలు ఆమె రొట్టె తీసుకుంది. "నువ్వు చెప్పేది నాకు సగం అర్థం గాలేదక్కా. ఆ బిడ్డే ఇస్తాంది, తింటాను," అని విరిచి నోట్లో పెట్టుకుంది.

పాప నా కొంగు పట్టుకుని, "ఆమేన్," అంది.

మనుబోలు ఆమె నమలడం ఆపి, "ఏమంటాంది?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపలే వెనక నుంచి అత్త అంది. "ఇంక చాలంట. పోదామంటాంది."

నేను తిరిగి అత్త వైపు చూశాను.

"ఏందే చూస్తావు," అంది. "బిడ్డ కాళ్ళు నానిపోతాండాయి, నడువు."

బస్సులో అత్త వాత మాట ఎత్తలేదు. ఆ తర్వాత కూడా ఎత్తలేదు. మాటలొచ్చాయని ఒప్పుకోనూ లేదు, చచ్చిపోయేదాకా. అయితే మర్నాడు తల దువ్వుతున్నప్పుడు పాప 'ఆమేన్' అనగానే దువ్వెన పక్కన పెట్టేసి, సగం జడతోనే పంపేసింది.

మనుబోలు ఆమె పిల్లవాడికి మాటలొచ్చాయో లేదో నాకు తెలియదు. పండగకు పోయినప్పుడల్లా నీళ్ళలో ఆమె కోసం వెతికాను. ఎట్లాంటి మాటలు వచ్చాయో, ఎవరి గొంతుతో వచ్చాయో అడగాలని ఉండేది. మళ్ళీ కనబడలేదు.

కొన్నేళ్ళకు ఒక వాయుగుండంలో మా ఆయన తెప్ప తిరిగి రాలేదు. పాప తర్వాత పుట్టిన మా కొడుకు అప్పటికి చిన్నవాడు, వాడికి తండ్రి గొంతు గుర్తు లేదంటాడు. గుర్తు లేకపోవడానికి వీల్లేదు, రోజూ వింటూనే పెరిగాడు. పాప తల ఇప్పుడు నెరిసింది. నడినెత్తిన గానీ కణతల మీద గానీ ఒక మచ్చ లేదు. తెల్లారి ఒడ్డుకు పోవాలనిపించినప్పుడు గడప దగ్గరికి వచ్చి నిలబడి, "దోవ ఇయ్యండమ్మే, పొద్దెక్కతాంది," అంటుంది. ఆ గొంతు వినగానే నేను చీపురు కింద పెట్టి, ఎదురు రాకుండా పక్కకు తప్పుకుంటాను.